పాచి వెనక నీళ్ళ కథ: నగర్తపేట బావుల నుంచి దేవనహళ్ళి ఈతకొలను దాకా

నగర్తపేటలో ఈతకొలను ఉన్న ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు. ఉండేదానికి చోటెక్కడ? గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు, కింద అంగడి, పైన కాపురం, రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి ఆగాల్సిన సందులు. అయినా పాచితో పోరాటం పేట వాళ్ళకి కొత్తది కాదు. మన కుటుంబంలో ఒక శాఖ దేవనహళ్ళి పక్క ఇల్లు కట్టుకుని, పెరట్లో చిన్న ఈతకొలను తవ్వించుకుంది. ప్రతి ఎండాకాలం ఆ నీళ్ళు పచ్చగా తిరిగిపోతా ఉంటే, ఫ్యామిలీ గ్రూపులో తలా ఒక వైద్యం చెప్పినారు. సున్నం వెయ్యమని ఒకరు, మైలుతుత్తం అని ఇంకొకరు, చేపలు వదిలితే అవే తినేస్తాయని పెద్దవాళ్ళు. నవ్వుకుని వదిలేసే సలహాలు కావు ఇవి. ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో నిజంగా వాడినదే. ఎక్కడినుంచి వచ్చినాయో వెదుకుతా పోతే బెంగళూరు నీళ్ళ చరిత్రలో సగం బయటికొచ్చింది.

ముందు మాట సంగతి. కన్నడ మీడియంలో చదివిన మాలాంటివాళ్ళకి పాచి అంటే కెరెలో, మెట్ల మీద ఉండే పచ్చటి జారుడు పదార్థమే. తమిళంలో పాసి, కన్నడలో పాచి, తెలుగులోనూ పాచి. తెలుగులో మాత్రం ఆ మాట ఇంకొంచెం దూరం పోయింది. పాచి ముఖం, పాచి నోరు, పాచి పని. రాత్రి గడిచి, కదలకుండా నిలవున్నదంతా పాచే. నీళ్ళ పాచికి కూడా ఈ అర్థం బాగా నప్పుతుంది. నీళ్ళలో మొలిచేదాన్ని నాచు అని కూడా అంటాం. మన ఇళ్ళలో రెండు మాటలూ నడుస్తాయి, ఏది సరైనదని కొట్లాడాల్సిన పని లేదు.

1537లో కెంపేగౌడ పేట కట్టినాడని చదువుకున్నాం. పేట నిలబడింది కోట గోడల వల్ల కంటే కెరెల వల్ల అని నా అభిప్రాయం. ఇక్కడ పెద్ద నది లేదు. పడమట ధర్మాంబుధి, నైరుతిలో కెంపాంబుధి, తూర్పున సంపంగి కెరె, దక్షిణం పక్క సిద్ధికట్టె. ఈ రోజు ధర్మాంబుధి ఉన్న చోట మెజెస్టిక్ బస్ స్టాండు, సిద్ధికట్టె మీద కె.ఆర్. మార్కెట్, సంపంగి కెరెలో కంఠీరవ స్టేడియం. మన పేటకి నాలుగడుగుల దూరంలో ఉన్న ధర్మరాయస్వామి గుడి కరగకి ఆ కెరె నీళ్ళే కావాలి కాబట్టి, స్టేడియం పక్కన చిన్న కుంట ఒకటి మిగిల్చినారు. అంత పెద్ద కెరెని ఒక పండగ కొంచెం కాపాడింది. మిగతావాటికి ఆ అదృష్టం కూడా లేదు.

ఈ కెరెల్లో పాచి ఉండేది కాదా అంటే, ఉండేది. నిలవ నీళ్ళు, ఎండ, మట్టి ఉన్నచోట అది రాకుండా ఉండదు. కానీ ఎండాకాలంలో నీళ్ళు తగ్గినాక అడుగున ఉన్న పూడిక తీసి పొలాలకి, తోటలకి తోలేవాళ్ళు. వాన వచ్చేలోపల ఆ పని అయిపోవాలి. కెరె లోతు నిలబెట్టుకునేదానికి, పొలానికి ఎరువు కోసం చేసిన పని అది. పాచి కోసం చేసింది కాదు. కానీ దాని వల్ల పాచి తినే తిండి కూడా ప్రతి ఏడూ బయటికి పోయేది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, కిందికి పోయేకొద్దీ మళ్ళీ మళ్ళీ వస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఊరు పెరిగింది, కెరెలు చాలలేదు. 1876-78 కరువు అందరినీ భయపెట్టింది. దివాన్ శేషాద్రి అయ్యర్ కాలంలో, 1896లో, అర్కావతి నది మీది హెసరఘట్ట నుంచి గొట్టాల్లో నీళ్ళు వచ్చినాయి. సోలదేవనహళ్ళిలో పంపులు పెట్టి ఎత్తిపోసిన ఆ పథకం పేరు చామరాజేంద్ర వాటర్ వర్క్స్. తర్వాత 1933లో తిప్పగొండనహళ్ళి దగ్గర చామరాజసాగరం, 1974లో కావేరి మొదటి దశ. ప్రతి మెట్టులోనూ నీళ్ళు ఇంకా దూరం నుంచి వచ్చినాయి, దగ్గరున్న కెరె మీద చూపు ఇంకా తగ్గింది. కొళాయి వచ్చినాక ధర్మాంబుధి పూడికతో ఎవరికి పని?

ఇళ్ళలో బావులు మాత్రం ఇంకా చాలా కాలం ఉన్నాయి. పేట ఇళ్ళలో బావి, పక్కన రాతి తొట్టి. తొట్టిని వారానికోసారి కొబ్బరి పీచుతో రుద్ది, నీళ్ళు పారబోసి, మళ్ళీ నింపేవాళ్ళు. బావిలో చేపలో తాబేలో వదిలేవాళ్ళు. కలరా కాలంలో బావుల్లో పర్మాంగనేట్ వెయ్యటం మొదలుపెట్టిన మనిషి ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ అనే శాస్త్రవేత్త. నీళ్ళు గులాబీ రంగు తిరిగితే మందు చాలినట్టు. 1898లో బెంగళూరులో ప్లేగు వచ్చినాక శుభ్రం అనే మాటకి బలం పెరిగింది, మల్లేశ్వరం, బసవనగుడి లాంటి కొత్త పేటలు లేచినాయి. ఆ తర్వాతి గొడవ మలేరియా. ఊళ్ళ మలేరియా దోమ బావుల్లో, తొట్టుల్లో గుడ్లు పెడుతుందని తేలినాక, బావులకి మూతలు పడినాయి. గంబూసియా చేపని 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చినారు. మన పెద్దవాళ్ళ చేపల సలహా వెనక ఇదంతా ఉంది. కాకపోతే గంబూసియా తినేది ముఖ్యంగా దోమ పిల్లల్ని, పాచిని కాదు. క్లోరిన్ ఉన్న కొలనులో వదిలితే అది బతకదు కూడా.

ఇంక మైలుతుత్తం. ఇది చెప్పింది దేవనహళ్ళి పక్క తోట ఆయన. ఆయనకి దాని మీద నమ్మకం ఎందుకో తెలిసేదానికి ఒకసారి ఆ ప్రాంతం చూస్తే చాలు. అదంతా బెంగళూరు బ్లూ ద్రాక్ష పండే నేల. ద్రాక్షాకులకి బూజు తెగులు వస్తే మైలుతుత్తం, సున్నం కలిపి కొడతారు, దాని పేరు బోర్డో మిశ్రమం. ఫ్రాన్స్‌లో మిలార్డే అనే ఆయన 1885లో దీన్ని లోకానికి చెప్పినాడు. దారిన పోయేవాళ్ళు కాయలు కోసుకోకుండా తోట అంచు తీగలకి చల్లిన ఆ నీలం మందు తెగులుని కూడా ఆపుతా ఉందని ఆయన కనిపెట్టినాడు. ఇరవై ఏళ్ళు కూడా తిరక్కుండానే, 1904లో, అమెరికా వ్యవసాయ శాఖలో మూర్, కెల్లర్‌మన్ అనే ఇద్దరు అదే మైలుతుత్తాన్ని తాగే నీళ్ళ జలాశయాల్లో పాచి మీద వాడొచ్చని రాసినారు. లక్షల వంతుల నీళ్ళకి ఒక వంతు చాలన్నారు. అది పనిచేసింది, ఇప్పటికీ చేస్తుంది.

అయితే రాగి ఎండకి ఆవిరైపోయేది కాదు. వేసినంతా నీళ్ళలోనో అడుగునో ఉంటుంది. మోతాదు మించితే గోడలకి మరకలు, తెల్ల జుట్టుకి పచ్చ రంగు, చేపలకి విషం. అన్నిటికంటే ముఖ్యం, చచ్చిన పాచి ఎక్కడికీ పోదు. కుళ్ళి, తన ఒంట్లో ఉన్న ఎరువుని మళ్ళీ నీళ్ళకే ఇస్తుంది. మా ఆఫీసులో ఒకే బగ్ మూడుసార్లు మూసి మూడుసార్లు తెరుచుకుంటే, మందు లక్షణానికి వేసినారు, కారణానికి కాదు అనుకుంటాం. ఇదీ అంతే.

కారణం ఏమిటో కళ్ళకి కనిపించేటట్టు చూపించింది కెనడాలో ఒక ప్రయోగం. 1973లో షిండ్లర్ బృందం 226 నంబరు సరస్సుని నడుమ తెర కట్టి రెండు చేసినారు. రెండు పక్కలా కర్బనం, నత్రజని వేసి, ఒక్క పక్క మాత్రం భాస్వరం కూడా కలిపినారు. భాస్వరం వేసిన పక్క పచ్చగా మారింది, రెండో పక్క అట్లే ఉంది. విమానం నుంచి తీసిన ఆ ఫోటో నీళ్ళ శాస్త్రంలో చాలా పేరున్నది. బెంగళూరులో భాస్వరం ఎవరూ లెక్కపెట్టి వెయ్యరు. మోరీ నీళ్ళూ సబ్బు నురగా కెరెలోకి పోతే చాలు. 2016 మార్చిలో హలసూరు కెరెలో చేపలు వేలకొద్దీ తేలినాయి, నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటింది. పూడిక తియ్యటం మానేసి, మోరీ కలపటం మొదలుపెట్టినాక జరగాల్సిందే జరిగింది.

ఇప్పుడు మన ఈతకొలను. దాంట్లో పట్టేవి సుమారు 50,000 లీటర్లు. నింపింది బోరు నీళ్ళతో. బెంగళూరు చుట్టుపక్కల చాలా బోర్లలో నైట్రేట్ ఎక్కువ, అంటే నీళ్ళతో పాటే పాచికి తిండి వచ్చింది. పైగా పెరట్లో లాన్‌కి వేసే ఎరువు వానకి కొట్టుకొచ్చేది. క్లోరిన్ కోసం నెలనెలా పని చేసేవాళ్ళు ట్రైక్లోర్ బిళ్ళలు వేస్తా వచ్చినారు. ఈ బిళ్ళ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు ముడి ఇక్కడే ఉంది.

మన ఊరి ఎండకి వట్టి క్లోరిన్ కొన్ని గంటల్లో పోతుంది. అది పోకుండా సయన్యూరిక్ యాసిడ్ గొడుగులాగా కాపాడుతుంది. ట్రైక్లోర్‌లో క్లోరిన్, గొడుగు రెండూ కలిసే ఉంటాయి. క్లోరిన్ ఖర్చయిపోతుంది, గొడుగు మిగిలిపోతుంది. కిలో బిళ్ళలకి సుమారు 550 గ్రాముల సయన్యూరిక్ యాసిడ్ నీళ్ళలో చేరుతుంది. 50,000 లీటర్లలో అది లీటరుకి 11 మిల్లీగ్రాములు. పది కిలోలు వేస్తే 110. గొడుగు పెరిగేకొద్దీ క్లోరిన్ నీడలోనే కూర్చుంటుంది, పాచి మీదికి పోదు. పాచిని ఆపాలంటే క్లోరిన్ ఆ సయన్యూరిక్ అంకెలో ఏడున్నర శాతమన్నా ఉండాలని కొలనుల వాళ్ళ లెక్క. 30 ఉన్నచోట రెండుంపావు చాలు, 110 ఉన్నచోట ఎనిమిది దాటాలి. మన కొలను కొలిచి చూస్తే సయన్యూరిక్ 120 ఉంది, క్లోరిన్ రెండు. కిట్‌లో రంగు చూసి అందరూ క్లోరిన్ బాగుందనుకుంటా ఉన్నారు. అది మామూలు కొలనుకి బాగున్న అంకె, ఈ కొలనుకి కాదు.

గోడలని బ్రష్‌తో రుద్దటం, దీపం వెనక సందులు, నిచ్చెన కాళ్ళు కడగటం తప్పదు. ఎందుకంటే పసుపు పాచి నీడపక్క గోడకి అంటుకుని, రుద్దితే పోయి రెండో రోజుకి వస్తుంది. నల్ల పాచి సిమెంటు గుంతల్లోకి దిగుతుంది. అది నిజానికి సైనోబ్యాక్టీరియా అనే వేరే జాతి. ఈ పనులన్నీ చేసినా సయన్యూరిక్ తగ్గదు. దానికి మామూలుగా వాడే దారి ఒకటే, సగం నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పొయ్యటం. తొట్టిని పారబోసి నింపిన పాత పద్ధతే.

ఆ సంగతి తేలింది 2024 మార్చిలో. ఆ నెల బెంగళూరు ఎట్లా ఉండిందో గుర్తుంది కదా. బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ కోసం జనం బిందెలతో నిలబడినారు. నీటి బోర్డు కారు కడిగితే 5,000 రూపాయలు జుల్మానా అంది, వెంటనే ఈతకొలనులకి తాగే నీళ్ళు వాడకూడదని కూడా చెప్పింది. ఇంట్లో వాదన గట్టిగానే జరిగింది. సెలవల్లో పిల్లలు వస్తారు, పచ్చ నీళ్ళలో దింపేది లేదు, సొంత బోరే కదా అని ఒకరు. పక్క వీధిలో తాగేదానికి లేకుంటే మనం 25,000 లీటర్లు పారబోసి ఆడుకుంటామా అని ఇంకొకరు. ఆ వారమే తోట ఆయన మైలుతుత్తం మాట వచ్చింది, చవకగా, నీళ్ళు మార్చకుండా. చివరికి వద్దనుకున్నారు. ఎటూ ఆ నీళ్ళు తర్వాత చెట్లకి పోవాల్సినవే, రాగి నేలలో చేరితే మళ్ళీ తీసేది ఎట్లా?

ఆ ఎండాకాలం పిల్లల్ని దింపలేదు. ఏప్రిల్లో క్లోరిన్ వెయ్యటం మానేసి, అది పూర్తిగా పోయినాక, మే చివరి దాకా కొంచెం కొంచెంగా సగం నీళ్ళు చెట్లకి వదిలినారు. అడుగున చేరిన పాచి బురద ఎత్తి మామిడి చెట్టు మొదట్లో వేసినారు. ఇంటి కప్పు 186 చదరపు మీటర్లు. వాన నీళ్ళు పట్టుకోవటం బెంగళూరులో 2009 నుంచి చట్టంలో ఉంది కాబట్టి గొట్టం ముందే ఉండింది, ఇంకుడు గుంతకి పోయేది. దానికి ఒక వడపోత పెట్టి, మొదటి పది నిమిషాల నీళ్ళు బయటికి పోయేటట్టు చేసి, కొలను వైపు తిప్పినారు.

2024 జూన్ 2న బెంగళూరులో ఒక్కరోజే 111 మిల్లీమీటర్లు కురిసింది. జూన్ నెలలో ఒక రోజుకి అంత వాన 133 ఏళ్ళలో ఎప్పుడూ లేదు, అంతకుముందు రికార్డు 1891ది. పేటలో చెట్లు పడి, కరెంటు పోయి, అంగళ్ళ ముందు మోకాలి లోతు నీళ్ళు. దేవనహళ్ళి పక్క అంత పడలేదు కానీ, ఆ వారంలో, తర్వాతి రెండు వారాల్లో పడినదానితో 25,000 లీటర్లు నిండినాయి. మళ్ళీ కొలిస్తే సయన్యూరిక్ 60. ట్రైక్లోర్ మానేసి ద్రవ క్లోరిన్‌కి మారినారు, రోజూ సాయంత్రం నాలుగున్నర మిల్లీగ్రాములకి తగ్గకుండా చూసుకుంటా ఉన్నారు. లాన్‌కి ఎరువు ఆపేసినారు, గడ్డి కొంచెం పసుపు తిరిగింది.