జట్టు దుస్తుల చరిత్ర: పాత ఛాయాచిత్రాలు, పత్రికల ఆధారాల పరిశీలన
(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల నేపథ్యం)

వ్యాససంగ్రహం:

క్రీడాజట్లు, సైనికదళాలు ధరించిన దుస్తులను పాత ఛాయాచిత్రాల ద్వారా, పత్రికల ద్వారా నిర్ధారించే పద్ధతి బేస్‌బాల్ చరిత్రకారుల చేతిలో ఒక శాస్త్రీయ రూపాన్ని సంతరించుకొంది. ఆ పద్ధతిని వనపర్తి ఆఫ్రికన్ అశ్వికదళానికి, హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుకు అన్వయించి, ఛాయాచిత్రం ఏ విషయానికి సాక్ష్యమవుతుందో, ఏ విషయానికి కాదో వివేచించడం ఈ వ్యాస లక్ష్యం. పాత చిత్రాలకు యంత్రసాయంతో రంగులద్ది ప్రచారం చేస్తున్న ఈ కాలంలో ఈ వివేచన అత్యవసరం.

ప్రధాన పదాలు: జట్టు దుస్తులు, ఛాయాచిత్రం, పత్రికలు, సంస్థానాలు, వనపర్తి, సిటీ పోలీసు జట్టు.

1. ఉపోద్ఘాతం:

2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ మూడు జిల్లాల నేల సంస్థానాల నేల. గద్వాల, వనపర్తి, జటప్రోలు (కొల్లాపురం), గోపాలపేట, అమరచింత సంస్థానాల సాహిత్యపోషణపై విస్తృతమైన పరిశోధన జరిగింది. కవులు, కావ్యాలు, శాసనాలు, వంశావళులు పరిశోధకుల దృష్టిని ఆకర్షించినంతగా అక్కడి ప్రజల వేషధారణ, క్రీడలు, దళాల దుస్తులు ఆకర్షించలేదు. దుస్తులు చరిత్రలో చిన్న విషయమనే భావనే ఇందుకు కారణం. కాని ఒక వ్యక్తి ఏ దుస్తులు ధరించాడన్న ప్రశ్న వెనుక, అతడు ఎవరి కొలువులో ఉన్నాడు, ఎవరి ఖర్చుతో ఆడాడు, ఏ హోదాలో నిలబడ్డాడు అన్న ప్రశ్నలుంటాయి. ఆ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి ముందు ఆధారాలను చదివే పద్ధతి ఏర్పడాలి.

2. బేస్‌బాల్ దుస్తుల పరిశోధన - పద్ధతి:

ఈ పద్ధతి బాగా ఎదిగిన రంగం అమెరికా బేస్‌బాల్ చరిత్ర. న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ క్లబ్ 1849లో నీలి ఉన్ని ప్యాంటు, తెల్లని ఫ్లానెల్ చొక్కా, గడ్డితో అల్లిన టోపీలను తన దుస్తులుగా నిర్ణయించుకొంది. ఈ విషయం తెలియవచ్చింది ఛాయాచిత్రం వల్ల కాదు, క్లబ్ సమావేశపు తీర్మానం వల్ల. అంటే ఈ రంగంలోని తొలి ముఖ్యమైన ఆధారమే లిఖితపత్రం.

20వ శతాబ్దపు జట్ల దుస్తులను ఏడాదివారీగా చిత్రాలలో పునర్నిర్మించిన పరిశోధకుడు మార్క్ ఒకొనెన్. ఆయన గ్రంథం 1991లో వెలువడింది. ఛాయాచిత్రంలో చొక్కా కోత, చారలు, అక్షరాలు, టోపీ ఆకారం కనిపిస్తాయి. రంగును, ఆ దుస్తులు వాడుకలోకి వచ్చిన సందర్భాన్ని లిఖితాధారాలు తెలుపుతాయి. రెండింటినీ ఒకదానితో ఒకటి సరిచూడటమే ఈ పద్ధతికి ప్రాణం.

ఇలా సరిచూడకపోతే ఎలాంటి పొరపాటు జరుగుతుందో చెప్పడానికి 1882 నాటి ఉదంతం చాలు. ఆ ఏడాది నేషనల్ లీగ్ మైదానంలోని స్థానాన్ని బట్టి ఆటగాళ్ళకు వేర్వేరు రంగుల చొక్కాలు నిర్ణయించింది. ఏ జట్టువాడో చెప్పేది మేజోళ్ళ రంగు మాత్రమే. ఆ ఏర్పాటు కొద్దికాలంలోనే రద్దయింది. ఈ నేపథ్యం తెలియనివారు ఆనాటి చిత్రాన్ని చూస్తే, వేర్వేరు జట్లవారు కలిసి కూర్చున్నారని భావించే ప్రమాదముంది. అలాగే వీపుపై సంఖ్యలు 1929లో న్యూయార్క్ యాంకీస్, క్లీవ్‌లాండ్ జట్లతో స్థిరపడ్డాయి. అయినా సంఖ్య కనిపించిన ప్రతి చిత్రమూ 1929 తరువాతిదేనని చెప్పలేము. క్లీవ్‌లాండ్ జట్టు 1916లోనే చొక్కా చేతులపై సంఖ్యలను ప్రయోగాత్మకంగా వాడింది. కాలనిర్ణయానికి ఒక్క లక్షణం చాలదు.

3. నలుపు-తెలుపు చిత్రంలో రంగు:

ఛాయాచిత్రంలోని బూడిదరంగు ఛాయలను చూసి అసలు రంగును ఊహించడం ఈ పరిశోధనలో అతి పెద్ద ప్రమాదం. తొలినాటి గాజుపలకలు ప్రధానంగా నీలికాంతికే స్పందించేవి. అందువల్ల నీలిరంగు వస్త్రం తెల్లగా, ఎరుపు, పసుపు వస్త్రాలు నల్లగా ముద్రితమయ్యేవి. 1873లో హెర్మన్ ఫోగెల్ రంజకద్రవ్యాలతో పలకల స్పందనను విస్తరించవచ్చని కనుగొన్నాడు. ఆ మార్గంలో వచ్చిన ఆర్థోక్రోమాటిక్ పలకలు ఆకుపచ్చకూ స్పందించాయి గాని ఎరుపును గ్రహించలేదు. అన్ని రంగులకూ స్పందించే పాన్‌క్రోమాటిక్ పలకలు 1906 నుండి మార్కెట్లో లభించినా, సామాన్య స్టూడియోలకు చేరడానికి చాలాకాలం పట్టింది.

దీని ఫలితం స్పష్టం. ఒకే జెర్సీ రెండు వేర్వేరు పలకలపై రెండు విధాలుగా కనిపించవచ్చు. మరోవైపు, మోహన్‌బగాన్ జట్టు జెర్సీలోని ఆకుపచ్చ, మెరూన్ రంగులు రెండూ ఒకే ముదురు ఛాయలో కలిసిపోవచ్చు. ఉతుకులకు వెలిసిన చొక్కా, చెమటకు తడిసిన చొక్కా కూడా ఛాయను మారుస్తాయి. కాబట్టి ఛాయను ఆధారం చేసుకొని "ముదురు", "లేత" అని మాత్రమే నమోదు చేయాలి. రంగు పేరును లిఖితాధారం దొరికినప్పుడే వాడాలి.

రంగు విషయంలో మౌనం వహించే చిత్రం నేత విషయంలో మాట్లాడుతుంది. గద్వాల చీరలో నూలు ఒళ్ళు కాంతిని పీల్చుకొంటుంది, పట్టు అంచు కాంతిని తిప్పికొడుతుంది. ఈ తేడా నలుపు-తెలుపు చిత్రంలోనూ నిలుస్తుంది. ఇదే దృష్టితో చూస్తే అల్లిక బనీనుకు, కుట్టించిన చొక్కాకు, సైనికుల ఉన్ని కోటుకు మధ్య భేదాన్ని మడతల తీరును బట్టి గుర్తించవచ్చు. మగవారి చొక్కాలో ఎడమభాగం కుడిభాగంపైకి వస్తుంది. చిత్రంలో అది తారుమారైతే నెగెటివ్‌ను తిప్పి ముద్రించారేమోనని అనుమానించాలి. అలాంటి చిత్రంలో చిహ్నం ఏ వైపు ఛాతీపై ఉందన్న నిర్ధారణ పూర్తిగా తప్పిపోతుంది.

4. వనపర్తి అశ్వికదళం - చిత్రశీర్షికల సమస్య:

ఛాయాచిత్రం కింద రాసిన శీర్షికను పరీక్షించకుండా స్వీకరించరాదనడానికి ఈ ప్రాంతంలోనే చక్కని ఉదాహరణ ఉంది. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు మొదటి రాజా రామేశ్వరరావు ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీలతో దళాన్ని ఏర్పరిచాడు. 1866లో ఆయన మరణించిన తరువాత ఆ దళం నిజాం సైన్యంలో చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌గా ప్రసిద్ధమైంది. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ అనే పేట పేరు ఆ దళానికి నేటికీ నిలిచిన గుర్తు.

హైదరాబాదు దర్బారును, సైన్యాన్ని విస్తారంగా చిత్రీకరించిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పింది 1880ల దశకంలో. కాలక్రమాన్ని పోల్చి చూస్తే ఒక విషయం తేలుతుంది. దీన్‌దయాళ్ హైదరాబాదు చిత్రాలలో ఈ అశ్వికులు కనిపిస్తే, వారి ఒంటిపై ఉన్నవి నిజాం కొలువు దుస్తులే తప్ప వనపర్తి సంస్థానపు దుస్తులు కావు. అలాంటి చిత్రానికి "వనపర్తి సైన్యం" అని శీర్షిక పెడితే వ్యక్తుల మూలం నిజమే కావచ్చు గాని దుస్తుల చరిత్ర అబద్ధమవుతుంది. మనుషులు అక్కడివారే, దుస్తులు మాత్రం వేరొక ప్రభువువి. సిద్దీల విషయంలో ఈ తేడాకు ప్రత్యేకమైన బరువుంది. తమ గురించి తాము రాసుకొనే అవకాశం అంతగా దొరకని సమూహానికి దుస్తులు, చిత్రాలు కూడా చరిత్రపత్రాలే.

5. సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు:

ఈ ప్రాంతానికీ హైదరాబాదు నగర పోలీసుశాఖకూ చారిత్రకబంధం ఉంది. వనపర్తి ప్రాంతంలోని రాయణిపేటలో జన్మించిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి 1920 నుండి 1934 వరకు నగర కొత్వాలుగా పనిచేశారు. ఆయన తరువాతి తరంలో అదే శాఖకు చెందిన ఫుట్‌బాల్ జట్టు దేశప్రసిద్ధి పొందింది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్‌ను గెలిచింది. 1950లోనే మోహన్‌బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్‌ను కూడా గెలుచుకొంది.

ఇలాంటి జట్ల చిత్రాలను చదివేటప్పుడు మూడు విషయాలు గమనించాలి. మొదటిది, బృందచిత్రం ఆ చిత్రం తీసిన పూటకు సాక్ష్యం, ఆటకు కాదు. కప్పుతో కూర్చున్న రోజున ధరించిన దుస్తులు మైదానంలో ధరించినవి కాకపోవచ్చు. రెండవది, రెండు జట్ల రంగులు ఒకేలా ఉన్నప్పుడు ఒక జట్టు వేరే జెర్సీ వేసుకోవలసి ఉంటుంది. ఒక్క ఆట చిత్రాన్ని బట్టి జట్టు శాశ్వతవర్ణాన్ని నిర్ణయించడం సరికాదు. మూడవది, జట్టు దుస్తులు మతం, కులం, జీతం తేడాలను మైదానంలో కప్పివేస్తాయి. బృందచిత్రంలో మాత్రం ఆ తేడాలు మళ్ళీ తలెత్తుతాయి. కుర్చీలలో ఎవరున్నారు, వెనుక ఎవరు నిలబడ్డారు, నేలపై ఎవరు కూర్చున్నారు, కోటు ఎవరిది, జెర్సీ ఎవరిది అన్నవి పరిశోధకుడు నమోదు చేయవలసిన సమాచారమే.

6. బూట్లు లేని పాదాలు:

దుస్తుల గురించిన ఒక ప్రచారం చరిత్రగా ఎలా స్థిరపడుతుందో 1950 ప్రపంచకప్ ఉదంతం చెబుతుంది. బూట్లు లేకుండా ఆడనివ్వరని భారతజట్టు బ్రెజిల్‌కు వెళ్ళలేదన్న మాట నేటికీ వినిపిస్తుంది. నాడు సమాఖ్య చెప్పిన కారణాలు వేరు. జట్టు ఎంపికపై అభిప్రాయభేదాలు, సాధనకు సమయం చాలకపోవడం వాటిలో ఉన్నాయి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌పై 1-2తో ఓడిన భారతజట్టులో ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కు రహీం శిక్షణలో వెళ్ళిన జట్టులో సిటీ పోలీసు ఆటగాళ్ళు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ ఉన్నారు. అక్కడ కూడా కొందరు వట్టికాళ్ళతోనే దిగారు. యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడిన తరువాత భారత సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది.

1950లో బూట్ల నిబంధనే అడ్డుపడి ఉంటే 1952లో వట్టికాళ్ళతో ఆడటం ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు ఆ ప్రచారం వద్ద సమాధానం లేదు. పాదాలను చూపే ఒక్క చిత్రం, దానికి తోడు ఆనాటి పత్రికావార్త, దశాబ్దాల ప్రచారాన్ని ప్రశ్నించగలవు.

7. పత్రికల సాక్ష్యం:

ఈ ప్రాంత పరిశోధకులకు పత్రికలలో ప్రథమాధారం గోలకొండ పత్రిక. నేటి గద్వాల జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో దీనిని స్థాపించారు. 1952లో ఆయన వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. వెంకటరామారెడ్డి జీవితచరిత్రను రచించిందీ ఆయనే. తెలుగు పత్రికలతో పాటు ఉర్దూ పత్రికలను చదవకుండా హైదరాబాదు రాష్ట్ర క్రీడాచరిత్రను నిర్మించడం అసాధ్యం.

పత్రికలోని చిత్రాన్ని, వార్తను వేర్వేరు ఆధారాలుగా పరిగణించాలి. చిత్రాన్ని లోహపు బ్లాకుగా చేయించడం ఖర్చుతో కూడిన పని కనుక ఒకసారి చేయించిన బ్లాకును పత్రికలు భద్రపరచి మళ్ళీ వాడుకొనేవి. అందువల్ల పత్రిక తేదీ చిత్రం తేదీ కానక్కరలేదు. వార్తలోని వాక్యం మాత్రం ఆ తేదీకి చెందినదే. "ఎర్రచొక్కాల జట్టు" వంటి ఒక్క మాట వార్తలో దొరికినా, అది పది చిత్రాలు చెప్పలేని విషయాన్ని చెబుతుంది.

8. స్థానిక సేకరణ:

సంస్థానాల విలీనం తరువాత కోటలు, భవనాలు విద్యాసంస్థలయ్యాయి. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట డిగ్రీ కళాశాల, వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ కళాశాల నడుస్తున్నాయి. ఇలాంటి సంస్థల గోడలపై ఉన్న బృందచిత్రాలు, పాత ఉన్నతపాఠశాలల బీరువాలలోని కొనుగోలు పద్దులు, పట్టణాలలోని పాత స్టూడియోల నెగెటివ్‌లు, కుటుంబాల ఆల్బములు పరిశోధనకు రావలసిన ఆధారాలు. బట్టల కొనుగోలు రసీదులో గుడ్డ రకం, గజాలు, రంగు, ధర ఉంటాయి. చిత్రం చెప్పలేని రంగును ఆ రసీదు చెబుతుంది.

సేకరణలో చిత్రం వెనుకవైపును కూడా స్కాన్ చేయడం తప్పనిసరి. స్టూడియో ముద్ర, పెన్సిలుతో రాసిన పేర్లు, తేదీ అక్కడే ఉంటాయి. ముందువైపు మాత్రమే స్కాన్ చేసి అసలును పారవేస్తే ఆ ఆటగాళ్ళు శాశ్వతంగా పేరులేనివారవుతారు. రంగులద్దిన ప్రతిని ఎన్నడూ అసలు స్థానంలో ఉంచరాదు. యంత్రం అద్దిన రంగు ఆధారం కాదు, ఊహ. ఆ ఊహ ఒకసారి వ్యాసాలలోకి, పాఠ్యపుస్తకాలలోకి చేరితే దానిని తొలగించడం, లేని సమాచారాన్ని వెదకడంకన్నా కష్టం.

9. ముగింపు:

- ఛాయాచిత్రం దుస్తుల ఆకారానికి, నేతకు, అమరికకు సాక్ష్యం. రంగుకు, సందర్భానికి లిఖితాధారం కావాలి.
- చిత్రశీర్షికను కాలక్రమంతో పరీక్షించాలి. వనపర్తి అశ్వికదళం ఇందుకు నిదర్శనం.
- ప్రతి నిర్ధారణ పక్కన అది చిత్రంలో చూసిందా, పత్రికలో చదివిందా, ఊహించిందా అన్నది స్పష్టంగా పేర్కొనాలి.
- గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కళాశాలల చరిత్ర, తెలుగు శాఖలు కలిసి స్థానిక బృందచిత్రాల పట్టికను రూపొందిస్తే సంస్థానాల సాహిత్యచరిత్ర పక్కన అక్కడి సామాన్యుల చరిత్ర కూడా నిలబడుతుంది.

కావ్యంలో రాజు ధరించిన పీతాంబరం రంగు మనకు తెలుసు. అదే నేలపై బంతి వెంట పరుగెత్తిన కుర్రవాడి చొక్కా రంగు తెలియదు. ఆ లోటును ఊహతో కాక ఆధారంతో పూరించడమే ఈ పరిశోధన చేయవలసిన పని.