తెల్ల రంగు కింద

మా ఇంటి పోర్టికోలో మూడేళ్ళుగా ఒక జీపు విప్పి పడుంది. చుట్టాలొస్తే గేరుబాక్సు పక్కన చెప్పులు విడుస్తారు. ఆదివారాలు నేనూ నాన్నా పాత పేపర్లు పరుచుకుని దాని ముందు కూర్చుంటాం. నాన్నకి డెబ్భై తొమ్మిది. ముప్ఫై ఏళ్ళకి పైగా ప్రభుత్వ డ్రైవరుగా చేశారు, అందులో ఎక్కువ కాలం జీపు మీదే. సొంతానికి మాత్రం సైకిలు తప్ప ఏదీ కొనలేదు. గోదావరి జిల్లాలో ఓ రైస్‌మిల్లు వెనక, ఊక కుప్ప పక్కన ఈ బండి కనిపించినప్పుడు బేరం ఆడింది నేనే అయినా, కొంటున్నది ఎవరి కోసమో ఇద్దరికీ తెలుసు.

బండితో పాటు అట్టలు ఊడిన ఆర్సీ పుస్తకం వచ్చింది. మహీంద్రా సీజే-3బీ, 1967. మొదటి యజమాని ఏదో ప్రభుత్వ కార్యాలయం, పేరున్న చోట చెదలు తినేశాయి. 1979లో వేలం. ఇంధనం అన్న గడిలో 'పెట్రోలు' కొట్టేసి 'డీజిల్' అని రాసి, పక్కన గుండ్రటి సీలు వేశారు. ఆ సీలు మీద 1983 కనిపిస్తుంది.

నేను మొదట్లోనే ఒక లిస్టు రాసుకున్నాను. డీజిల్ ఇంజను తీసేసి పాత పెట్రోలు ఇంజను వెతికి పెట్టాలి. మిల్లువాళ్ళు వెనక వెల్డింగ్ చేయించిన ఇనుప బెంచీలు కోసెయ్యాలి. రంగంతా గీకేసి, 1967లో ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలా చెయ్యాలి. ఒరిజినల్‌గా. నాన్న ఆ లిస్టు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఇవన్నీ చేస్తే ఇంక ఈ బండి ఎక్కడుంటుందమ్మా?" అన్నారు. పెద్దాయన చాదస్తం అనుకున్నాను. ఒరిజినల్ అంటే సరిగ్గా ఏమిటో తెలుసుకుని ఆయనకి చూపిద్దామని చదవడం మొదలుపెట్టాను. చదివే కొద్దీ నా లిస్టే పల్చబడింది.

1940 వేసవిలో అమెరికా సైన్యానికి తేలికపాటి, నాలుగు చక్రాలూ తిరిగే బండి అర్జెంటుగా కావాల్సొచ్చింది. నూటముప్ఫైకి పైగా కంపెనీలకి కబురు పంపారు. నమూనా బండి 49 రోజుల్లో ఇవ్వాలన్నది షరతు. ఒప్పుకుని నిలబెట్టుకుంది పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ. కార్ల్ ప్రోబ్స్‌ట్ అనే ఇంజనీరు రెండు రోజుల్లో నక్షాలు గీశాడు. సెప్టెంబరు 23న, గడువు ముగియడానికి అరగంట ముందు బండిని సైన్యానికి అప్పగించారు. కానీ అంత చిన్న ఫ్యాక్టరీ యుద్ధానికి సరిపడా బండ్లు చెయ్యలేదని సైన్యానికి అనుమానం. బాంటమ్ నక్షాలని విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకి కూడా చూపించేసింది. చివరికి ఖాయమైన జీపులో మూల రూపం బాంటమ్‌ది, ఇంజను విల్లీస్‌ది, ముందున్న రేకు జాలీ ఫోర్డ్‌ది. యుద్ధం ముగిసేలోపు ఆరు లక్షలకి పైగా తయారయ్యాయి. ఫోర్డ్ వాళ్ళు తమ బోల్టుల మీద కూడా 'ఎఫ్' అని అచ్చు కొట్టుకున్నారు. అందరికంటే ముందు చేసిన బాంటమ్ మాత్రం మూడు వేల లోపు బండ్లతో ఆగిపోయి, జీపు వెనక తగిలించే ట్రైలర్లు చేసుకుంటూ యుద్ధం గడిపింది.

అంటే మొట్టమొదటి జీపే మూడు చోట్ల నుంచి తెచ్చి అతికిన బండి.

మా బండి సంగతి ఇంకా తమాషా. యుద్ధం అయ్యాక విల్లీస్ కంపెనీ రైతులకీ మామూలు జనానికీ అమ్మడానికి సీజే అనే వరసలో జీపులు తెచ్చింది. 1953కి వచ్చేసరికి వాళ్ళ దగ్గర హరికేన్ అనే కొత్త ఇంజను ఉంది. బలం ఎక్కువే, కానీ వాల్వుల్లో సగం హెడ్డులోకి ఎక్కించడంతో ఎత్తు పెరిగింది. పాత బానెట్ కింద పట్టలేదు. ఏం చేశారు? బానెట్ ఎత్తు పెంచేశారు. సీజే-3బీ అలా పుట్టింది. మన పాత సినిమాల్లో, పాత ఫోటోల్లో కనిపించే ఎత్తు ముక్కు జీపు ఇదే. పట్టని ఇంజనుని పాత బాడీలో పెట్టడానికి రేకు మార్చడం ఫ్యాక్టరీ చేస్తే అది కొత్త మోడల్. అదే పని 1983లో ఓ షెడ్డులో మెకానిక్ చేస్తే మాడిఫికేషన్. నా లిస్టులో మొదటి పని ఆ మెకానిక్ చేసినదాన్ని చెరిపెయ్యడమే.

ఇక ఈ జీపు మనదాకా ఎలా వచ్చింది? 1945లో లూధియానాలో మహీంద్రా అండ్ మొహమ్మద్ అని ఒక ఉక్కు వ్యాపారం మొదలైంది. భాగస్వాముల్లో ఒకరైన మాలిక్ గులాం మొహమ్మద్ విభజన తర్వాత పాకిస్తాన్ తొలి ఆర్థికమంత్రి అయ్యారు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. విడిభాగాలుగా ఓడలో వచ్చిన విల్లీస్ జీపుల్ని బొంబాయి మజ్‌గావ్‌లో బిగించడంతో మొదలై, క్రమంగా ఇక్కడే తయారీ వచ్చింది. అమెరికాలో 1968లో ఆగిపోయిన సీజే-3బీ ఇక్కడ పేర్లు మార్చుకుంటూ దశాబ్దాల పాటు నడిచింది.

అదే కాలంలో జీపు ఇంకో రకంగానూ మన చరిత్రలోకి ఎక్కింది. 1948లో కాశ్మీర్ యుద్ధం నడుస్తుండగా, లండన్‌లో మన హైకమిషనర్ వి.కె. కృష్ణ మీనన్ సైన్యానికి జీపుల కోసం ఒక విదేశీ కంపెనీతో సుమారు 80 లక్షల రూపాయల ఒప్పందం చేసుకున్నారు. వచ్చినవి 155. అవీ పనికిరావన్నారు. స్వతంత్ర భారతంలో తొలి కుంభకోణంగా దాన్నే చెబుతారు. 1955లో ప్రభుత్వం ఆ ఫైలు మూసేసింది, 1956లో మీనన్ కేంద్రమంత్రి అయ్యారు.

పల్లెటూళ్ళలో జీపుకి వేరే అర్థం ఉండేది. 1952 అక్టోబరు 2న సామాజిక వికాస పథకం మొదలైంది. దాంతో బ్లాకులు వచ్చాయి, బ్లాకులతో బీడీవోలు, బీడీవోలతో జీపులు. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు ఏర్పడ్డాయి. చాలా ఊళ్ళకి ప్రభుత్వం అంటే దుమ్ము రేపుకుంటూ వచ్చే ఆ జీపే. విత్తనాలూ, టీకాలూ, లోన్ల వసూళ్ళూ, అన్నీ అందులోంచే దిగేవి. నాన్న 1968లో ఇరవై మూడేళ్ళకి ఆ స్టీరింగు పట్టుకున్నారు. వానాకాలం నల్లరేగడిలో గేరు రాడ్డు పక్కనుండే రెండు చిన్న రాడ్లని, ముందు చక్రాలు కలిపేది ఒకటి, వేగం తగ్గించి బలం పెంచేది ఇంకోటి, ఎప్పుడు ఏది లాగాలో ఇప్పటికీ గాల్లో చెయ్యి కదిపి చూపిస్తారు. లాగ్ బుక్కు సంగతీ చెప్తారు. ప్రతి కిలోమీటరూ రాయాలి, ఆఫీసరు సంతకం పెట్టాలి. అయ్యగారి కుటుంబం టౌన్లో సినిమాకి వెళ్ళినా పని అన్న గడిలో 'అఫీషియల్ టూర్' అనే రాయాలి.

పోయిన ఏడాది వానలు తగ్గాక ఎడమవైపు రేకు మీద రంగు తీయడం మొదలుపెట్టాం. వాటర్ పేపరు తడిపి రుద్దుతుంటే పైన తెలుపు పోయింది, దాని కింద ఆకుపచ్చ, ఆ కింద బూడిద రంగు. ఆ బూడిద మీద పసుపు గీతలు. నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపారు. తడిగుడ్డతో ఆయనే మెల్లగా తుడిచారు. 'యతీ సమి' అన్న నాలుగు అక్షరాలు బయటికొచ్చాయి. "బ్రష్షుతో రాసింది, అచ్చు పెట్టింది కాదు" అని, కాసేపు ఇంకేమీ మాట్లాడలేదు. ఆయన నడిపిన బండి ఇది కాదు. ఆ విషయం ఆయనకి కొన్నరోజే తెలుసు. కానీ ఏదో ఒక సమితి బండి ఇది, ఆయనలాంటి ఒక డ్రైవరు రోజూ పొద్దున్నే ఆ అక్షరాలు తుడిచే ఉంటాడు. 1980ల మధ్యలో మండలాలొచ్చి సమితులు పోయాయి. ఆఫీసు పోయింది, బోర్డులు పోయాయి. ఈ నాలుగు అక్షరాలు మాత్రం మిల్లువాళ్ళ తెల్ల రంగు కింద ఉండిపోయాయి.

ఆటోనగర్ నుంచి టింకరింగ్ మేస్త్రీ వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. కింద రేకు తుప్పుకి జల్లెడైపోయింది. ఇసుకతో బ్లాస్టింగ్ కొట్టించి కొత్త రేకు వెయ్యాలన్నాడు. "అక్షరాలే కావాలంటే ఫోటో తీసుకోండి మేడమ్, పెయింటర్‌తో మళ్ళీ అచ్చం అలాగే రాయిస్తా." అతను తప్పేమీ అనలేదు. తుప్పుని వదిలేస్తే అక్షరాలతో సహా రేకంతా తినేస్తుంది.

చట్టం కూడా మేస్త్రీ వైపే ఉంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో వింటేజ్ బండ్ల కోసం మార్పులు చేశారు. యాభై ఏళ్ళు దాటాలి, ఒరిజినల్ రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. అలాంటి బండికి 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. వయసు లెక్కన మా బండి ఎప్పుడో పాసైంది. డీజిల్ ఇంజను దగ్గర ఫెయిలు. కొని షెడ్డులో దాచిపెట్టుకోగలిగిన వాళ్ళ బండి వారసత్వం అవుతుంది. పెట్రోలు ఖర్చు భరించలేక ఇంజను మార్చి, ధాన్యం బస్తాలు మోసి బతికిన బండి కాదు. ఈ దేశంలో జీపులు నిజంగా ఎలా బతికాయో చూపించే గుర్తులన్నీ ఆ నియమం లెక్కలో లోపాలే.

ఆ గుర్తుల్ని ఇప్పుడు నాన్న నాకు చదవడం నేర్పుతున్నారు. ముందు కమాను కట్టలో ఒక పట్టీ ఎక్కువుంది, డీజిల్ ఇంజను బరువు ఆపడానికి. ఇంజను కూర్చునే బ్రాకెట్టు వెల్డింగు చూసి, "ఎడంచేతి వాటం వాడు" అన్నారు. సీటు కింద కన్నానికి డాల్డా డబ్బా రేకు కొట్టి ఉంది. ఇవి ఏ పుస్తకంలోనూ లేవు. పేర్లు రాసుకోని మనుషుల పని ఇదంతా. ఫోర్డ్ వాళ్ళలా బోల్టు మీద అక్షరం కొట్టుకునే అలవాటు వాళ్ళకి లేదు.

మేస్త్రీతో రెండు వారాలు బేరమాడాం. చివరికి తుప్పు పట్టిన కింది ఆరంగుళాలు కోసి కొత్త రేకు అతికాడు. అతుకు కనిపిస్తుంది, పుట్టీ పెట్టి దాచొద్దన్నాను. అక్షరాల చుట్టూ జానెడు మేర బూడిద రంగు అలాగే ఉంచి, పైన క్లియర్ కోటు కొట్టాం. మిగతా బాడీకి కొత్త రంగు. డీజిల్ ఇంజను విప్పి, బోరింగు చేయించి, కొత్త రింగులు వేసి మళ్ళీ అదే పెట్టాం. ఇనుప బెంచీలు ఒకటి ఉంచాం, ఒకటి తీసేశాం. దాని గురించి ఇంకా గొడవ పడుతూనే ఉన్నాం. వింటేజ్ దరఖాస్తు పెట్టలేదు. మామూలు పాత బండిలాగే ఫిట్‌నెస్‌కి తీసుకెళ్తాం. పాసైతే అయిదేళ్ళు.

పోయిన ఆదివారం బండి మొదటిసారి తన కాళ్ళ మీద పోర్టికో నుంచి గేటు దాకా వెళ్ళింది. దిగాక నాన్న లోపలికెళ్ళి ఒక పొడుగాటి నోటుబుక్కు పట్టుకొచ్చారు. స్కేలుతో గళ్ళు గీసి ఉన్నాయి. తేదీ రాశారు. మీటరు పనిచెయ్యదు కాబట్టి కిలోమీటర్ల గడి ఖాళీ. పని అన్నచోట 'అఫీషియల్ టూర్' అని రాసి, సంతకానికి పెన్ను నా చేతికిచ్చారు.