తెరచిన ధమని తిరిగి ఇరుకవుతుందా?

కాళ్ళకు రక్తాన్ని తీసుకొనిపోయే ధమనుల లోపలి గోడలకు కొవ్వు, సున్నము పట్టి దారి ఇరుకు కావడం పెద్ద వయస్సువారిలో తరచుగా కనిపించే వ్యాధి. ఇట్టి వ్యాధి ఉన్న మనిషి అమీర్‌పేట నుండి పంజాగుట్టకు నడిచి పోతున్నాడనుకొందాము. కొంతదూరం పోగానే పిక్క పట్టివేస్తుంది. ఆగితే నొప్పి తగ్గుతుంది. నడిస్తే మళ్ళీ వస్తుంది. ఆగినవాడు అంగళ్ళ అద్దాలలోని వస్తువులను చూస్తున్నట్లు నిలబడతాడు కనుక జర్మనులు దీనిని “అంగళ్ళు చూచే జబ్బు” అంటారు. వ్యాధి ముదిరితే వేళ్ళకు పుండ్లు పడి, కుళ్ళి, కాలు తీసివేయవలసి రావచ్చు.

శస్త్రంతో కోయకుండా ఈ దారిని వెడల్పు చేసే పద్ధతి 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరంలో మొదలైనది. కాలు తీయించుకొనడానికి ఒప్పుకొనని 82 ఏండ్ల వృద్ధురాలి తొడ ధమనిలోనికి చార్లెస్ డాటర్ అనే ఎక్స్-రే వైద్యుడు సన్నని గొట్టాన్నీ, దానిమీదుగా లావు గొట్టాన్నీ పంపి దారి తెరిచాడు. ఆమె కాలు నిలిచింది. తరువాత రెండేండ్లకు పైగా ఆ కాళ్ళతోనే నడిచింది. 1974లో జ్యూరిచ్ నగరంలో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ గొట్టం చివర బుడగను అమర్చి కాలి ధమనిని తెరిచాడు; 1977లో అదే పద్ధతిని గుండె ధమనికి ఉపయోగించాడు.

ఐతే తెరచిన దారి తెరచినట్లే ఉండలేదు. గుండె ధమనులను బుడగతో తెరచినప్పుడు, ఇంచుమించు మూడింట ఒక వంతు రోగులలో ఆరు నెలలలోపల ఇరుకు తిరిగి వచ్చేది. కాలి ధమనులలోనూ ఇదే చిక్కు. కొద్దిపాటి ఇరుకుకు అంత ప్రాముఖ్యమేమి? 19వ శతాబ్దంలో పాయిజూయి అనే ఫ్రెంచి వైద్యుడు, గొట్టంలో పారే ద్రవం దాని వ్యాసార్ధపు నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుందని కనుగొన్నాడు. వ్యాసార్ధం సగమైతే, తక్కినవి మారనప్పుడు, ప్రవాహం పదహారవ వంతుకు పడిపోతుంది. ధమని సజీవమైన గొట్టం కనుక ఈ లెక్క దానికి అచ్చంగా సరిపోదు; కాని కొంచెపు ఇరుకు ఎంత నష్టం చేయగలదో దీనివల్ల తెలుస్తుంది.

ధమని తిరిగి ఇరుకు కావడానికి మూడు కారణాలున్నవి. సాగిన గోడ రబ్బరువలె వెనుకకు ముడుచుకొనడం మొదటిది. బుడగ ఒత్తిడికి గాయపడిన గోడలోని కండర కణాలు గాయం మానేటప్పుడు మితిమీరి పెరిగి దారికి అడ్డు రావడం రెండవది. ధమని మొత్తంగా కుంచించుకొనడం మూడవది. లోహపు జాలిగొట్టమైన స్టెంటు మొదటిదానినీ మూడవదానినీ ఆపుతుంది. కణాల పెరుగుదలను అణచడానికి మందు పూసిన స్టెంట్లు, బుడగలు వచ్చినవి.

ఈ చరిత్రలో హైదరాబాదుకూ స్థానమున్నది. పంజాగుట్టలో ఎముకల ఆస్పత్రిగా మొదలైన సంస్థ నిజాం వైద్య విజ్ఞాన సంస్థగా పెరిగినది. అమెరికా నుండి తిరిగివచ్చి 1980 తరువాతి దశకంలో దానికి సంచాలకుడైన కాకర్ల సుబ్బారావు కూడా డాటర్‌వలె ఎక్స్-రే వైద్యుడే. అక్కడ పనిచేసిన హృద్రోగ నిపుణుడు బి. సోమరాజు, క్షిపణి శాస్త్రజ్ఞుడు ఎ.పి.జె. అబ్దుల్ కలాంతో కలిసి తక్కువ ఖరీదులో రూపొందించిన గుండె స్టెంటు “కలాం-రాజు స్టెంటు” అని పేరుపొందినది. గుండెకు పనికివచ్చినదంతా కాలికి పనికిరాదు. మోకాలు మడిచినప్పుడల్లా తొడ ధమని వంగుతుంది, మెలితిరుగుతుంది. అందుచేత అక్కడ కొన్ని స్టెంట్లు విరగడం కూడా జరిగింది.

మరి, ఎవరి ధమని తిరిగి ఇరుకవుతుందో ముందే చెప్పగలమా? కొన్ని గుర్తులున్నవి. ఇరుకు పొడవైనదైనా, దారి పూర్తిగా మూసుకొనిపోయినా, ధమని సన్ననిదైనా, మోకాలి క్రింది ధమనులు చెడినవైనా అపాయం ఎక్కువ. మధుమేహం, మూత్రపిండాల వ్యాధి, పొగత్రాగే అలవాటు దానిని పెంచుతవి. చికిత్స తరువాత చీలమండ రక్తపు పోటును చేతి పోటుతో భాగించి చూస్తారు. 0.9, అంతకు తక్కువ వ్యాధికి గుర్తు. చికిత్సతో 0.5 నుండి 0.9కి పెరిగిన నిష్పత్తి కొన్ని నెలలకు 0.7కు దిగితే వైద్యుడు జాగ్రత్తపడాలి. మధుమేహ రోగులలో ధమని గట్టిపడి ఈ అంకె అబద్ధంగా పెరగవచ్చు. వారికి కాలి బొటనవ్రేలి పోటు చూడడం మేలు. డాప్లర్ పరీక్షలో ఇరుకుచోట రక్తవేగం పైభాగంలోని వేగానికి సుమారు రెండున్నర రెట్లు మించితే దారి సగానికి పైగా మూసుకొన్నదని అర్థం.

ఈ గుర్తులు వందమందిలో ఎక్కువ అపాయం గలవారిని వేరుచేయగలవు. ఒక్క మనిషి విషయంలో మాత్రం నిశ్చయంగా చెప్పలేవు. అపాయం ఎక్కువని తేలినవారిని త్వరత్వరగా పరీక్షిస్తే, దారి పూర్తిగా మూసుకొనక ముందే తిరిగి తెరచే అవకాశం దొరుకుతుంది. పొగాకు మానడం, చక్కెరను అదుపులో ఉంచడం, వైద్యుడిచ్చిన మందులు విడువకపోవడం, రోజూ నడవడం రోగి చేతిలోని పనులు. ధమనిని తెరవడం ఒక గంట పనే కావచ్చు; తెరచినదానిని నిలుపుకొనడం ఏండ్ల తరబడి చేయవలసిన పని.