భూమి లేనోళ్ళ కోత పండుగ

నవంబరు నాలుగో గురువారం మేం థాంక్స్‌గివింగ్ చేసుకుంటమంటే చాలామంది నవ్వుతరు. కోకాపేట అద్దాల మేడల్లో ఉండేటోళ్ళు, అమెరికా పోయొచ్చినోళ్ళు చేసుకుంటే ఎవరూ నవ్వరు. సర్కారు బడి పంతులు, అందులో మాదిగ పంతులు చేసుకుంటేనే నవ్వొస్తది. ఆ రోజు మాకు సెలవు ఉండదు. బడి అయినంక, కోకాపేట పాత ఊళ్ళో నేనుండే కిరాయింటి మిద్దె మీద ఆరేడుగురం కూడుతం. ఒకడు డిగ్రీలో నా బెంచీ మీద కూర్చున్న ఎరుకల దోస్తు. ఒకామె మిజోరం నుంచి వచ్చి గచ్చిబౌలిలో కంపెనీ పని చేసుకునే అమ్మాయి. ఒకాయన గుంటూరు మాలపల్లెలో పుట్టి అమెరికాల చదివి తిరిగొచ్చిన ఇంజనీరు. మా బడిలో ఉర్దూ చెప్పే సారు కూడా వస్తడు. ఆయన పంది ముట్టడు. తన వంతు ఖుబానీ మీఠా తెస్తడు, మాతోని కూర్చుంటడు.

మమ్ముల ముందుగా కలిపింది పందికూర. సిద్ధాంతాలు తర్వాత వచ్చినయ్. మొదటి ఏడు ఇంజనీరన్న ఒక డబ్బాల బేకన్ తెచ్చిండు. బేకన్ అంటే పంది కడుపు దిక్కు మాంసం. ఉప్పు పట్టించి, పొగ పెట్టి, పల్చగ కోస్తరు. పెనం మీద ఏస్తే నూనె పొయ్యనక్కర లేదు, తన కొవ్వుల తనే వేగుతది. ఆ వాసనకు మిజో చెల్లె లేచి వచ్చింది. వాళ్ళ ఇండ్లల్లో పొయ్యి మీద పందిముక్కలు కట్టి పొగబెట్టి దాచుకుంటరట. నాకేమో మా అమ్మ దండెం మీద ఎండేసిన పెద్దకూర ఒట్టితునకలు యాదికొచ్చినయ్. మాంసం రోజూ దొరకని ఇండ్లల్లో ఉప్పు, ఎండ, పొగ అన్నవే నిలవబెట్టే పెట్టెలు. అమెరికా అంగడిల అదే పనికి తెల్లకాగితం చుట్టి పేరు పెట్టిండ్రు. మా దండెం మీది ముక్కను చూసి ముక్కు మూసుకున్నోళ్ళే స్టార్ హోటళ్ళ పొద్దటి ఫలహారంల బేకన్‌ను పళ్ళెంల పెట్టుకుంటరు. పేరు మారితే వాసన కూడా మారుతదేమో!

ఈ పండుగ మా ఇంటికి ఇంజనీరన్నతోని కొత్తగ రాలే. వందేండ్ల కిందనే ఇంకో దారిన వచ్చింది. 1843లో ఇంగ్లండులో రాబర్ట్ హాకర్ అనే పాదిరి మోర్వెన్‌స్టో గ్రామంలో పంట చేతికొచ్చినంక గుడిల ప్రత్యేక ఆరాధన పెట్టిండు. అదే మెల్లమెల్లగ ఇంగ్లీషు చర్చిలన్నిటికి పాకింది. మిషనరీల వెంట మన దేశం వచ్చింది. మన దగ్గర దాన్ని కోత పండుగ అన్నరు.

మా అమ్మమ్మ ఊరు మెదక్ దిక్కు. అక్కడ వెస్లియన్ మెథడిస్టు మిషన్ పని చేసేది. చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువుకాలంల జనానికి పని, తిండి చూపించుకుంట 1914ల పెద్ద గుడి మొదలుపెట్టించిండు. పదేండ్లు కట్టిండ్రు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేసిండ్రు. మా తాత నాయిన దానికి రాళ్ళు మోసిండని ఇంట్ల చెప్పుకుంటరు. ఆ గుడి చూడటానికి ఇప్పుడు బస్సులేసుకొని పోతరు. ఫోటోలల్ల గోపురాలు వస్తయ్ గని మోసినోళ్ళు రారు.

కోతలయినంక మా అమ్మమ్మ వాళ్ళ సంఘంల పండుగ. ఒకరు జొన్న కంకుల కట్ట, ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడిపెట్ట, ఏం లేనోళ్ళు నాలుగు గుడ్లు తెచ్చి బలిపీఠం ముందు పెట్టేది. ఆరాధన అయినంక వాటిని వేలం పాడేది. నాలుగు గుడ్లకు పాట పాడి, తెచ్చినామెకే తిరిగి ఇచ్చి, మళ్ళ పాడేటోళ్ళట. ఇంత సంబురం బాగనే ఉంది. అయితే నేను డిగ్రీల చరిత్ర చదువుకుంట అడిగిన: ఆ కంకులు ఎవరి చేనియి? మా ఇంట్ల ఎవరికీ గుంట భూమి లేదు. పటేలు చేన్ల కోతకు పోతే కూలి కింద కొలిచిన గింజలల్లకెల్లి తీసి దేవునికి పెట్టిండ్రు. పంట పటేలుది, కృతజ్ఞత మాది. అమ్మమ్మను అడిగితే, "కోసిన చేతులు మనయే గద బిడ్డా" అన్నది. ఆ మాటకు నా డిగ్రీల జవాబు దొరకలే.

అమెరికన్ బాప్టిస్టులు కోస్తా దిక్కు ఒంగోలుల పని చేసిండ్రు. 1876-78 కరువుల జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంల ఒక ముక్క గుత్తకు తీసుకొని మాదిగలకు పని చూపించిండు. 1878 జూలై 3న ఒక్క దినంల 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిండ్రు. ఆ సంఘంల చేరటానికి మూడు షరతులు: ఆదివారం పని చెయ్యొద్దు, విగ్రహాలను మొక్కొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. మూడో షరతు చూడుండ్రి. తరతరాలుగ ఊరు మాకు చచ్చిన గొడ్డునే వదిలేసింది, దానికే మమ్ముల ఎలేసింది. 1927 మహద్‌ల అంబేడ్కర్ కూడా చచ్చిన గొడ్డు తినుడు మానుండ్రి అన్నడు. ఆయన అడిగింది ఎంగిలి బతుకు ఒద్దని. కోసుకొని పోగులు పెట్టి పంచుకునే పంది మాంసం ఆ లెక్కలకు రాదు. గడ్డి మంట మీద ఎంటికలు కాల్చి, గీకి, పసుపు పూసి, ఎన్ని ఇండ్లయితే అన్ని పోగులు. పోగులల్ల పెద్దది చిన్నది ఉంటే కొట్లాటే. మా వాడల ప్రజాస్వామ్యం నేను ముందుగ చూసింది పోగుల దగ్గర్నే.

ఇక అమెరికా సంగతి. 1621 శరత్కాలంల ప్లిమత్‌ల యాభై మందో ఎంతమందో ఇంగ్లీషోళ్ళు మొదటి పంట కోసుకున్నరు. మసాసోయిట్ అనే వాంపనాగ్ నాయకుడు తొంభై మందితోని వచ్చిండు. వాళ్ళు 5 జింకలు వేటాడి తెచ్చిండ్రు. మూడు దినాలు తిన్నరు. 1863ల లింకన్ దీన్ని దేశమంతటి పండుగ అని ప్రకటించిండు. నవంబరు నాలుగో గురువారం అని చట్టం చేసింది 1941ల. పిల్లల పుస్తకాల్ల ఇంతవరకే ఉంటది. మిగిలింది ఏందంటే, ఇంగ్లీషోళ్ళు రాకముందే తెల్లోళ్ళ ఓడలు తెచ్చిన రోగంతోని 1616-19 నడుమ వాంపనాగ్ ఊళ్ళకు ఊళ్ళే పోయినయ్. పంట పండిన నేల అట్ల ఖాళీ అయిన నేల. యాభై అయిదేండ్లకు, 1676ల, మసాసోయిట్ కొడుకు మెటాకామ్‌ను చంపి ఆయన తలను అదే ప్లిమత్‌ల కట్టెకు గుచ్చి ఏండ్ల తరబడి ఉంచిండ్రు. 1970ల ప్లిమత్‌ల ఉత్సవానికి ఫ్రాంక్ జేమ్స్ అనే వాంపనాగ్ ఆయనను మాట్లాడమని పిలిచిండ్రు. రాసుకున్న ఉపన్యాసం చూసి వద్దన్నరు. ఆ ఏటి నుంచి అక్కడ మూలవాసులు థాంక్స్‌గివింగ్ దినాన్ని సంతాప దినంగ పాటిస్తున్నరు.

మా పందికూర సంగతి ఇక్కడ అడ్డం తిరుగుతది. ఆ తగాదాల పంది కూడా ఉంది. ఇంగ్లీషోళ్ళు తెచ్చిన పందులను అడవిల విడిచిపెట్టేది. అవి వాంపనాగ్‌ల మక్కచేన్లల్ల పడేది, భూమిల దాచుకున్న గింజలు తవ్వేది, సముద్రం ఒడ్డున వాళ్ళు ఏరుకునే ఆల్చిప్పలను తినేది. తమ చేనికి కంచె లేకపోవుడు మూలవాసుల తప్పేనట! భూముల కోసం జరిగిన ఆ యుద్ధానికి ఉన్న కారణాలల్ల పందులు కూడా ఒకటని చరిత్రకారులు రాసిండ్రు. అక్కడ పంది భూమి ఆక్రమించినోని ముందు నడిచింది. ఇక్కడ అదే పంది భూమి లేనోని ఎనక నడిచింది. అదే అమెరికాల దక్షిణ దిక్కు నల్ల బానిసలకు కొలిచి ఇచ్చింది కూడా ఈ మాంసమే. నెలకు 8 పౌండ్ల పంది మాంసం, లేకుంటే అంతకు సరిపోయే చేపలు, ఒక బుషెల్ మక్కపిండి అని ఫ్రెడరిక్ డగ్లస్ 1845 నాటి తన ఆత్మకథల లెక్క రాసిండు. కాబట్టి బేకన్‌ను మెచ్చుకునేటప్పుడు ఏ పంది, ఎవరి పంది అని అడుగుడు మా మిద్దె మీద ఒక ఆనవాయితీ అయింది.

నా ఎరుకల దోస్తు కథ ఇంకా బరువు. వాళ్ళ పెద్దలు ఉప్పు, గింజలు పశువుల మీదేసుకొని ఊరూరు తిరిగి అమ్మేటోళ్ళు. రైళ్ళు వచ్చి ఆ యాపారం పడగొట్టినయ్. తిరిగేటోళ్ళకు పని పోతే సర్కారుకు అనుమానం పుట్టింది. 1871 నేరస్థ జాతుల చట్టాన్ని 1911ల మద్రాసు రాజ్యానికి కూడా వర్తింపజేసి, ఎరుకలను పుట్టుకతోనే దొంగలని రాసిండ్రు. 1913ల సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి స్టూవర్టుపురం పెట్టిండ్రు. చట్టం రద్దయింది 1952ల. రద్దయినంక మిగిలినయ్ బుట్టలు, సోది, పందులు. ఊరు పారేసినదాన్ని తిని పెరిగే జంతువు ఒక్కటే వాళ్ళ బ్యాంకు. ఆ బ్యాంకు ఉన్నది గనుకనే వాడు డిగ్రీ ఫీజు కట్టిండు. నా ఫీజు ఒక సెమిస్టరుది కూడా వాళ్ళ నాయిన కట్టిండు, ఒక పంది అమ్మి.

చదువుకున్న మావాళ్ళు ముందుగాల మానేసేది పందినే. ఉద్యోగం, తర్వాత ప్లాటు, తర్వాత "మేం చికెన్ తప్ప తినం". నాకు కిరాయిల్లు చూపిస్తూ ఒక యజమాని కులం అడగలే, "ఏం వండుతరు" అని అడిగిండు. రెండూ ఒకటే ప్రశ్న. సంఘంల కొందరు పాదిర్లు లేవీయకాండం 11 తీసి పంది అపవిత్రం అంటరు. అదే బైబిలుల అపొస్తలుల కార్యములు 10ల పేతురు ముందు దుప్పటిల దిగిన జంతువుల సంగతి ఎందుకు చదవరో! ఇంకోదిక్కు, పంది పేరు చెప్పి ముస్లింలను గిల్లుదామని చూసే రాజకీయం ఒకటుంది. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాల విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే దాడులయినయ్. అదే ఏడు ఢిల్లీ జేఎన్‌యూల పెద్దకూర, పందికూర కలిపి పెడదామంటే హైకోర్టు ఆపింది. తినేటోని హక్కు గురించి మాట్లాడుతున్నం, పక్కోని పళ్ళెంల ఏసుడు గురించి కాదు. మా ఉర్దూ సారు పందికూర గిన్నె పక్కన కూర్చొని తన ఖుబానీ మీఠా పంచుతడు. ఆయనకు దీంట్ల ఇబ్బంది లేదు, మాకూ లేదు.

2008ల గచ్చిబౌలి నుంచి శంషాబాదు దాక ఔటర్ రింగు రోడ్డు తెరిచినంక కోకాపేట కోకాపేట లెక్క లేదు. 2021 జూలైల హెచ్‌ఎండీఏ నియోపోలిస్ వేలంల ఎకరం 60.20 కోట్ల దాక పోయింది. 2023 ఆగస్టు 3న 100.75 కోట్లు పలికింది. పేపర్ల మొదటి పేజీ వార్త. నేను ఆ వార్తను తొమ్మిదో తరగతిల లెక్క కింద ఇచ్చిన: గుంటకు ఎంత? ఎకరానికి 40 గుంటలు. రెండున్నర కోట్ల మీదికి వచ్చింది. మేస్త్రీ పనికి పాలమూరు నుంచి వచ్చిన ఇంటి పిల్లగాడు ముందుగాల చెయ్యెత్తిండు, లెక్క సరిగ్గ చెప్పిండు. వాళ్ళుండేది అదే వేలంల పోయిన జాగల రేకుల గుడిసెల.

అద్దాల మేడలు లేచినంక పందులు తిరిగితే ఊరుకోరు. మా దోస్తు వాళ్ళ నాయిన మంద మీదికి ఒకనాడు తెల్లారకముందే లారీ వచ్చింది. వలలేసి పట్టుకపోయిండ్రు. కాగితం ఏదని అడిగితే చూపియ్యలే. అరవై దాటిన మనిషి ఇప్పుడు ఒక టవరు గేటు కాడ వాచ్‌మన్. పోయిన నవంబరుల మేం వండిన పందిని దూరంగ శంకర్‌పల్లి దిక్కు పోయి కొనుక్కరావలసి వచ్చింది. ఆ రాత్రి ఆయనకు డ్యూటీ. దోస్తు గిన్నెల కూర పట్టుకొని గేటు కాడికి పోయిండు, నేను బండి నడిపిన. మేం ఉండంగనే ఆన్‌లైన్ పిల్లగాడు ఒక సంచి తెచ్చి గేటు కాడ ఆగిండు. ఏముందని అడిగితే చికెన్, బేకన్ అన్నడు. పెద్దాయన ఫ్లాటు నంబరు పుస్తకంల రాయించి, గేటు తీసి, లోపలికి పంపిండు.