పిల్లల వ్రాతకు పాఠకులెవరు? – తరగతి గదిలో బ్లాగు, వికీ

బడిలో విద్యార్థి వ్రాసే వ్యాసానికి ఉండే పాఠకుడు ఒక్కడే, ఉపాధ్యాయుడు. ఆయన చదివేది కూడా కొత్తగా ఏదో తెలుసుకోవడానికి కాదు, మార్కులు వేయడానికి. ఈ సంగతి వ్రాసేవాడికీ తెలుసు. అందుకే తనకు తోచినది పక్కన పెట్టి, దిద్దేవారికి నచ్చేది వ్రాస్తాడు. బ్లాగులూ వికీలూ తరగతి గదిలో అడుగుపెట్టిన వైనాన్ని సాధారణంగా సాంకేతిక ప్రగతిలో ఒక అధ్యాయంగా చెబుతుంటారు. నాకు మాత్రం అది పిల్లల వ్రాతకు రెండో పాఠకుణ్ణి వెదికిన చరిత్రగా కనిపిస్తుంది.

ఆ వెదుకులాట కంప్యూటరుతో మొదలైనది కాదు. దక్షిణ ఫ్రాన్సులో బార్-సుర్-లూ అనే కొండ పల్లెలో సెలెస్తాన్ ఫ్రెనే అనే యువ ఉపాధ్యాయుడు ఉండేవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఊపిరితిత్తులకు గాయమైనందువల్ల గంటల తరబడి గొంతెత్తి పాఠం చెప్పగల శక్తి ఆయనకు లేదు. 1924లో ఆయన ఒక చిన్న అచ్చుయంత్రాన్ని తరగతిలోకి తెచ్చాడు. పిల్లలు తాము చూసినదాన్ని, చేసినదాన్ని వ్రాసి, తామే సీసపు అక్షరాలు పేర్చి అచ్చువేసేవారు. ఆ కాగితాలు దేశానికి మరో కొసన, బ్రిటనీ తీరంలోని త్రెగాంక్ అనే ఊరి బడికి టపాలో వెళ్ళేవి. అక్కడి పిల్లల కాగితాలు ఇక్కడికి వచ్చేవి. ముక్కూ మొహం తెలియని తోటి పిల్లవాడు చదువుతాడన్నప్పుడు అక్షరదోషం దిద్దుకోవడానికి బెత్తంతో పని ఉండదు. మన బడుల్లోని లిఖిత పత్రికలు, గోడ పత్రికలు ఈ కోవలోవే. కాకపోతే వాటిలో చాలావాటికి ప్రహరీగోడే పొలిమేర.

బ్లాగు ఆ ప్రహరీని తేలికగా దాటించింది. అమెరికాలోని న్యూజెర్సీలో విల్ రిచర్డ్‌సన్ అనే ఆంగ్లోపాధ్యాయుడు 2002లో తన ఉన్నత పాఠశాల విద్యార్థుల చేత ఒక నవల చదివించి, వారి అభిప్రాయాలను, ప్రశ్నలను బ్లాగులో వ్రాయించాడు. నవల పేరు 'ది సీక్రెట్ లైఫ్ ఆఫ్ బీస్', రచయిత్రి సూ మాంక్ కిడ్. ఆమె ఆ బ్లాగు చదివి, విద్యార్థుల ప్రశ్నలకు సుదీర్ఘమైన సమాధానం వ్రాసి పంపింది. పాఠ్యగ్రంథ రచయిత అంటే ఫోటో కింద జనన మరణ సంవత్సరాలుండే మనిషి అనుకునే పిల్లలకు అది ఎటువంటి అనుభవమో ఊహించుకోవచ్చు.

వికీ కథ ఇంత సూటిగా సాగలేదు. 1995 మార్చి 25న వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని అంతర్జాలంలో పెట్టాడు. హొనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సుల పేరు నుండి తీసుకున్న మాట అది, హవాయి భాషలో 'త్వరత్వరగా' అని అర్థం. 1990ల చివర జార్జియా టెక్‌లో ఆచార్య మార్క్ గజ్డియల్, ఆయన విద్యార్థులు తరగతుల కోసం 'స్వికీ' అనే వికీని తయారుచేశారు. తరువాత దాన్నే 'కోవెబ్' అన్నారు. వాస్తుశిల్ప విద్యార్థులు తమ నమూనాలను అందులో పెట్టి బయటి నిపుణుల విమర్శ అందుకున్నారు. ఆంగ్ల రచన తరగతిలో అందరూ కలిసి ఒకే కవితపై వ్యాఖ్యలు వ్రాశారు. అదే ఉపకరణాన్ని ఇంజనీరింగు, గణిత తరగతులకు ఇస్తే పేజీలు ఖాళీగా మిగిలాయి!

గజ్డియల్ బృందం ఈ వైఫల్యాన్ని దాచిపెట్టక, 2002లో దానిమీదే ఒక పరిశోధన పత్రం వెలువరించింది. పత్రం చెప్పిన కారణాలు మనకు కొత్తవి కావు. ఒకరి మార్కులను మరొకరితో పోల్చి గ్రేడు నిర్ణయించే తరగతిలో తోటివాడికి సాయం చేయడమంటే తన గ్రేడుకు తానే గండి కొట్టుకోవడం. పైగా, లెక్కకు ఉన్నది ఒకటే జవాబైతే చర్చించడానికి ఏముంది అన్న భావన. ప్రవేశ పరీక్షల ర్యాంకుల నీడలో పెరిగే మన ఇంటర్మీడియెట్ విద్యార్థికి ఈ మాటలు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే ఉదాహరణ 2008 నాటిది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జాన్ బీస్లీ-మర్రీ లాటిన్ అమెరికా సాహిత్యం బోధిస్తూ, టర్ము పేపర్లకు బదులు ఆంగ్ల వికీపీడియా వ్యాసాలు వ్రాయమన్నాడు. అక్కడ 'మంచి వ్యాసం'గా నిలిస్తే ఏ గ్రేడు, 'విశేష వ్యాసం' స్థాయికి చేరితే ఏ ప్లస్. అంటే గ్రేడు నిర్ణయించే అధికారంలో సగం ముఖపరిచయం లేని స్వచ్ఛంద సంపాదకులకు అప్పగించాడన్నమాట. వారు మొగమాటపడే రకం కాదు. ఈ వాక్యానికి ఆధారమేది, ఈ విశేషణం ఎవరి అభిప్రాయం, ఈ పేరా ఇక్కడెందుకు అని నిలదీశారు. సాయమూ చేశారు. విద్యార్థులు గ్రంథాలయానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, వ్రాసినదాన్ని వందలసార్లు తిరగవ్రాశారు. మిగెల్ ఆంఖెల్ అస్తూరియాస్ నవల 'ఎల్ సెన్యోర్ ప్రెసిదెంతె'పై వ్యాసం అలాగే విశేష వ్యాసమైంది. టర్ము పేపరుకు ఈ యోగం ఎక్కడిది? ఒకసారి సమర్పిస్తే దాని కథ ముగిసినట్టే. వికీలో ప్రతి మార్పూ 'చరిత్ర' పేజీలో నిలిచి ఉంటుంది. కొట్టివేతలతో సహా కనిపించే ఆ పేజీయే, నా లెక్కన, ఉపాధ్యాయుడికి పూర్తయిన వ్యాసం కంటే విలువైనది.

వికీమీడియా ఫౌండేషన్ 2011లో పుణెలోని కొన్ని కళాశాలల్లో ఇటువంటి పథకమే చేపట్టింది. వందలాది విద్యార్థులు చేరారు. వారిలో చాలామంది పుస్తకాల నుండి, జాలపుటల నుండి పేరాలకు పేరాలు ఎత్తి వ్యాసాల్లో అతికించారు. కాపీహక్కుల ఉల్లంఘనలను ఏరివేయడానికి ఇతర దేశాల సంపాదకులు కూడా తలమునకలయ్యారు. పథకం ఆ ఏడే ఆగిపోయింది. ఆ పిల్లలను దొంగలనడం తేలికే. కానీ గైడులో ఉన్నది ఉన్నట్టు అప్పగించినందుకే పన్నెండేళ్ళపాటు మార్కులిచ్చి, పదమూడో ఏట హఠాత్తుగా అది నేరమంటే వారికి అర్థమయ్యేదెలా? సొంత వాక్యం వ్రాయమని వారిని అడిగినవారు అంతకుముందు ఎందరు?

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. కళాశాలలు అటువైపు చూడడానికి చాలాకాలం పట్టింది. 2010ల మధ్యలో విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు తెలుగు వికీపీడియాలోనూ, పాత పుస్తకాలను చేర్చే వికీసోర్సులోనూ పనిచేశారు. వికీసోర్సు పని పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. తెరపై ఒకవైపు పాత పుస్తకపు పుట బొమ్మ, మరొకవైపు టైపు చేసిన పాఠం. రెంటినీ పోల్చి అరసున్నా, బండి ర, తలకట్టు, దీర్ఘం సరిచూడాలి. ఎత్తివ్రాతకు తావులేదు, ఎందుకంటే మూలం పక్కనే ఉంది. ఒకరు దిద్దిన పుటను మరొకరు సరిచూసి ధ్రువీకరిస్తారు. ఆ రెండోవారు పక్క బెంచీలో కూర్చున్నవారే కానక్కరలేదు, ఏ డల్లాస్ నుండో చూస్తున్న విశ్రాంత ఉద్యోగి అయినా కావచ్చు.