క్యాబల్ హెల్: ఒక్క లైబ్రరీ మారిస్తే అన్నీ ఎందుకు కూలిపోయేవి?

నా మొదటి జాబ్‌లో ఒక శుక్రవారం సాయంత్రం ఒక్క లైబ్రరీ వెర్షన్ మార్చాను. అంతే, పొద్దున్న బాగా నడిచిన ప్రాజెక్ట్ బిల్డ్ అవ్వడం మానేసింది. రాత్రి పదకొండింటిదాకా ఆఫీసులోనే. తప్పంతా నాదే అనుకున్నా. తర్వాత హాస్కెల్ చరిత్ర చదివితే తెలిసింది, ఇలాంటి బాధకి అక్కడ ఏకంగా ఒక పేరే పెట్టారని: క్యాబల్ హెల్!

హాస్కెల్ అనేది ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాష. మొదటి రిపోర్ట్ 1990లో వచ్చింది. లైబ్రరీలని ఒకే పద్ధతిలో బిల్డ్ చెయ్యడానికి 2000ల మధ్యలో క్యాబల్ వచ్చింది. 2007లో లైబ్రరీలన్నీ ఒకేచోట దొరికేలా హ్యాకేజ్ మొదలైంది. ఒక్క కమాండ్ కొడితే చాలు, కావాల్సినవన్నీ వచ్చేస్తాయి. పండగే కదా? కాదు, కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

ఎందుకంటే, జీహెచ్‌సీ కంపైలర్ స్పీడ్ కోసం కింది లైబ్రరీలోని చిన్న చిన్న ఫంక్షన్ల కోడ్‌ని పై లైబ్రరీలోకే ఎక్కించేస్తుంది. అంటే పై లైబ్రరీ, తను ఏ కాపీ మీద బిల్డ్ అయిందో ఆ కాపీకే అతుక్కుపోతుంది. అప్పట్లో ఒక వెర్షన్‌కి కంప్యూటర్‌లో ఒకే కాపీ ఉండేది, ప్రాజెక్టులన్నిటికీ అదే. కొత్త ప్రాజెక్ట్ కోసం దాన్ని వేరే డిపెండెన్సీతో మళ్ళీ బిల్డ్ చేస్తే పాత కాపీ పోయేది. పైన మనుషులు ఉండగానే కింది అంతస్తు కూల్చి కొత్తగా కట్టినట్టు! చివరికి చాలామంది అన్నీ డిలీట్ చేసి మొదటినుంచి ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్ళు.

2013లో శాండ్‌బాక్స్‌లు వచ్చాయి. ప్రతి ప్రాజెక్టుకీ దాని సామాను దానికే. కాపీలు చెడిపోవడం తగ్గింది కానీ, ప్రతిసారీ అన్నీ మళ్ళీ బిల్డ్ అవ్వాలి, టైం బోలెడు. 2019లో క్యాబల్ 3.0 కొత్త పద్ధతిని డిఫాల్ట్ చేసింది. నిక్స్ నుంచి తీసుకున్న ఐడియా అది: ఒకే వెర్షన్‌కి ఎన్ని రకాల బిల్డ్‌లైనా పక్కపక్కనే ఉంటాయి, ఎవరూ ఎవర్నీ చెరపరు.

కానీ ఇంకో సమస్య ఉంది. రెండు లైబ్రరీలు మూడోదాని వేరే వేరే వెర్షన్లు అడిగితే? అది కాపీల గొడవ కాదు, మనుషుల మధ్య మాట కుదరకపోవడం. 2012లో మైకేల్ స్నోయ్‌మన్ ప్రకటించిన స్టాకేజ్ దీన్ని పట్టుకుంది. కలిపి బిల్డ్ చేసి చూసిన వెర్షన్లని ఒక సెట్‌గా ఇచ్చింది. 2015లో స్టాక్ టూల్ వచ్చాక ఆ సెట్ వాడటం చాలా ఈజీ అయిపోయింది.

నాకు అర్థమైంది ఇదే: టూల్ కాపీలని కాపాడగలదు, కానీ ఏ వెర్షన్లు కలిసి నడుస్తాయో ఎవరో ఒకరు కూర్చుని చూడాల్సిందే. అందుకే నేనిప్పుడు వెర్షన్లని ఫ్రీజ్ చేసి, ఒక్కోటి మారుస్తూ టెస్ట్ చేస్తాను. అదీ శుక్రవారం సాయంత్రం మాత్రం కాదు!

మీకూ ఇలాంటి రాత్రి ఉందా? కామెంట్‌లో చెప్పండి.