రవ్వ చమురు ఎవరిది? ఓ సముద్రపు కంపెనీ కథ

మాది గూడూరు, బందరు పక్కనే. చిన్నప్పుడు మా పొలం గట్ల మీద సర్వే వాళ్లు పొడవాటి వైర్లు పరిచి, నేలలో బోర్లు వేసి, చిన్న చిన్న పేలుళ్లు చేసేవాళ్లు. "కింద ఆయిల్ ఉందేమో చూస్తున్నార్రా" అనేవాడు తాతయ్య. ఆయిల్ పైకొచ్చిందేమోనని మేం రోజూ వెళ్లి చూసొచ్చేవాళ్లం. రాలేదనుకోండి!

అసలు సంగతేంటంటే, ఆ పేలుడు శబ్దం భూమి పొరలకు తగిలి వెనక్కి వస్తుంది. వైర్లకున్న పరికరాలు దాన్ని పట్టుకుంటాయి. దాన్ని బట్టి కింద పొరలు ఎలా ఉన్నాయో బొమ్మ గీస్తారు. సముద్రంలో ఈ పని ఓడలు చేస్తాయి. కానీ బొమ్మ ఎంత బాగున్నా, చమురు ఉందో లేదో తేలేది బావి తవ్వాకే. ఆ బావికి కోట్లు ఖర్చవుతాయి. ఏమీ దొరక్కపోతే ఆ డబ్బు నీళ్లపాలే.

ఇప్పుడు గోదావరి దాటి కోనసీమ వెళ్దాం. ఎస్.యానాం ఎదురుగా సముద్రంలో 1987లో చమురు దొరికింది. అదే రవ్వ క్షేత్రం. కనిపెట్టింది మన ప్రభుత్వ సంస్థ ఓఎన్‌జీసీ. 1993లో ఉత్పత్తి మొదలుపెట్టింది కూడా వాళ్లే.

ఈలోగా 1991లో దేశం దగ్గర విదేశీ డబ్బు అడుగంటింది, బంగారం తాకట్టు పెట్టాల్సొచ్చింది. తర్వాత ప్రభుత్వం చమురు రంగంలోకి ప్రైవేటు వాళ్లను పిలిచింది. 1994 అక్టోబరులో రవ్వ మీద ఒప్పందం కుదిరింది. నడిపే బాధ్యత ఆస్ట్రేలియా కంపెనీ కమాండ్ పెట్రోలియంకి వెళ్లింది.

ఇక్కణ్ణుంచి పేర్లు మారడం మొదలు. 1996లో కమాండ్‌ని స్కాట్లాండ్ కంపెనీ కెయిర్న్ కొనేసింది. దాన్ని పెట్టిన బిల్ గామెల్ ఒకప్పుడు స్కాట్లాండ్ రగ్బీ ఆటగాడు. కెయిర్న్ చేతిలో రవ్వ రోజుకు 50,000 బ్యారెళ్లకు చేరింది. సముద్రంలో ఎనిమిది ప్లాట్‌ఫారాలు, వాటి మీద మనుషులుండరు. చమురు పైపుల్లో ఒడ్డుకొస్తుంది. 2007లో కెయిర్న్ ఇండియా షేర్ మార్కెట్‌కి వచ్చింది. 2011లో వేదాంత చేతికి వెళ్లింది, 2017లో అందులో కలిసిపోయింది. మన దివిసీమలో నాగాయలంక దగ్గర చమురు దొరికిన బ్లాకులోనూ ఈ కెయిర్న్ ఉంది.

నన్ను ఆశ్చర్యపరిచింది ఒకటుంది. రవ్వలో నడిపే కెయిర్న్ వాటా 22.5 శాతమే. ఓఎన్‌జీసీది 40, వీడియోకాన్‌ది 25, రవ్వ ఆయిల్‌ది 12.5. మామూలుగా ఇలాంటి ఒప్పందంలో కంపెనీ ముందు తన ఖర్చు రాబట్టుకుంటుంది, మిగిలిన లాభాన్ని ప్రభుత్వంతో పంచుకుంటుంది. చమురు దొరకదేమో అనే భయాన్ని మోసినందుకే ఆ వాటా. రవ్వలో మాత్రం ఆ భయాన్ని ముందే మోసింది ఓఎన్‌జీసీ, అంటే మన పన్నుల డబ్బు. తర్వాత వచ్చినవాళ్లు ఉత్పత్తిని పెంచారు, అదీ నిజమే. రెండూ చెప్పుకోవాలి.

1611లో ఓడెక్కి బందరు వచ్చిన ఇంగ్లీషు వాళ్లదీ కంపెనీయే. మన తీరానికి కంపెనీలు కొత్త కాదు. రేపు "మన సముద్రంలో గ్యాస్ పడింది" అని ఫోన్‌లో వార్త కనిపిస్తే, బోర్డు మీద పేరు చూసి ఆగిపోకండి. ముందు కనిపెట్టిందెవరు, ఎవరి వాటా ఎంత, అది కూడా వెతకండి.

ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.